కథోలిక బడికి ఆ స్వభావం ఎవరి వల్ల వస్తుంది?

ప్రశ్న: అయ్యా, నేను హిందువును. మఠకన్యలు నడిపే ఒక ఉన్నత పాఠశాలలో చాలా కాలంగా గణితం బోధిస్తున్నాను. ఒకప్పుడు మా బడిలో ఎక్కువ తరగతులు సిస్టర్లే తీసుకునేవారు. ఇప్పుడు ప్రధానోపాధ్యాయిని, మరొక సిస్టరు తప్ప మిగిలినవారమంతా బయటి నుంచి వచ్చే టీచర్లమే. అందులోనూ క్రైస్తవులు కానివారమే ఎక్కువ. ఈ మధ్య జరిగిన ఒక శిక్షణలో, ఈ పాఠశాల కథోలిక స్వభావాన్ని నిలబెట్టవలసింది ఉపాధ్యాయులేనని మాకు చెప్పారు. మతబోధ చేయని, చేయలేని నాలాంటివారికి ఇందులో ఏం బాధ్యత ఉంటుంది?
- ఒక గణిత ఉపాధ్యాయిని, గుంటూరు జిల్లా

సమాధానం: మీకు శిక్షణలో చెప్పిన మాట కొత్తగా పుట్టింది కాదు. ప్రపంచంలోని కథోలిక పీఠాధిపతులు (బిషప్పులు) సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న క్రైస్తవ విద్యపై వెలువరించిన ప్రకటనలోనే, కథోలిక పాఠశాల తన ఆశయాలను నెరవేర్చుకోగలగడం దాదాపు పూర్తిగా ఉపాధ్యాయుల మీద ఆధారపడి ఉంటుందని ఉంది. బడిలో క్రైస్తవ వాతావరణాన్ని నెలకొల్పే ప్రథమ బాధ్యత, విడివిడిగానూ అందరూ కలిసి ఒక సమూహంగానూ, ఉపాధ్యాయులదేనని రోము నుంచి 1988లో వచ్చిన మరో పత్రం చెప్పింది. ఇది సత్యోపదేశం, అంటే కథోలిక మతబోధ, చెప్పేవారికి మాత్రమే అప్పగించిన పని కాదు. గణితం, సైన్సు చెప్పేవారికీ, పిల్లల చేత డ్రిల్లు చేయించేవారికీ ఇందులో భాగం ఉంది.

గేటు పక్కన మరియమాత గుహ, ప్రతి తరగతి గోడకూ సిలువ, ఉదయం అసెంబ్లీలో ప్రార్థన, క్రిస్మస్‌కు పశువులపాక మన బడులన్నిటిలోనూ కనిపిస్తాయి. అవి ఉండాలి కూడా. అయితే ఆ బడి ఎలాంటిదో పిల్లవాడు తెలుసుకునేది వాటిని చూసి కాదు. యూనిట్ టెస్టు పేపర్లు దిద్ది తెచ్చిన రోజును తీసుకోండి. ఎక్కువ మార్కులు వచ్చినవారితో మొదలుపెట్టి పేర్లు పిలుస్తూ, చివరికి వచ్చేసరికి గొంతు పెంచి, ఆఖరి నాలుగు పేపర్లనూ బల్ల మీద పడేసే టీచరును చాలామందిమి చూశాం. అదే మార్కులున్న పేపరును పిల్లవాడి దగ్గరకు తీసుకువెళ్లి, మూడో లెక్కలో ఏ మెట్టు దగ్గర తప్పాడో వేలు పెట్టి చూపించే టీచరూ ఉంటారు. తొంభై తొమ్మిది గొఱ్ఱెలను విడిచి తప్పిపోయిన ఒక్కదాన్ని వెదుక్కుంటూ వెళ్లిన కాపరి గురించి క్రీస్తు చెప్పిన ఉపమానం లూకా సువార్త 15వ అధ్యాయంలో ఉంది. ఆ ఉపమానాన్ని ఆ తరగతిలో నిజంగా బోధించింది రెండో టీచరే, ఆమె సువార్తను ఒక్కసారి కూడా తెరవకపోయినా సరే. ఫీజు కట్టలేదని పిల్లను పరీక్ష గది బయట నిలబెట్టిన బడిలో ఆ వేళ ఎంత భక్తిగా ప్రార్థన జరిగినా, ఆ పిల్లకు గుర్తుండేది తాను బయట నిలబడటమే.

మిమ్మల్ని అడగని, అడగకూడని విషయాలు కూడా స్పష్టంగా చెప్పాలి. మీరు విశ్వసించనిదాన్ని విశ్వసిస్తున్నట్లు నటించమని శ్రీసభ (కథోలిక చర్చి) ఎవరినీ కోరదు. సువార్తను ప్రకటించడం, అందించడం వేరు, రుద్దడం వేరు అని 1988 నాటి పత్రమే అంటుంది. మన రాజ్యాంగంలోని 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కు ఇస్తే, 28వ అధికరణం, ప్రభుత్వ గుర్తింపు గానీ సహాయం గానీ పొందే ఏ బడిలోనైనా విద్యార్థిని, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకూ ఆరాధనకూ హాజరు కావాలని నిర్బంధించరాదని చెబుతోంది. ఆ హద్దును పాటించడం వల్ల బడి కథోలిక స్వభావం తగ్గదు. అంతరాత్మ స్వేచ్ఛను గౌరవించమన్నది శ్రీసభ బోధే.

తోటి కథోలిక ఉపాధ్యాయుల మీద మాత్రం మీకు లేని బరువు ఒకటి ఉంది. కథోలిక పాఠశాలలో బోధించేవారు సరైన సిద్ధాంతంలోనూ సత్ప్రవర్తనలోనూ మిన్నగా ఉండాలని 1983 నాటి శ్రీసభ చట్టం, 803వ సూత్రంలో అంటుంది. ఆదివారం దివ్యబలిపూజలో పాల్గొని, సోమవారం స్టాఫ్ రూములో ఒక పిల్ల కులం గురించి తేలిగ్గా మాట్లాడే ఉపాధ్యాయుడు తన విశ్వాసానికి చేసే హాని, దాన్ని ఎరుగనివారు ఎన్నడూ చేయలేనిది.

యాజమాన్యాలతోనూ ఒక మాట చెప్పాలి. గృహస్థ ఉపాధ్యాయులను, అంటే గురువులు గానీ మఠవాసులు గానీ కాని కథోలిక ఉపాధ్యాయులను, విశ్వాసానికి సాక్షులుగా పేర్కొన్న 1982 నాటి పత్రం, వారికి స్పష్టమైన ఒప్పందంతో తగిన జీతం ఇవ్వాలనీ, అది గౌరవంగా బతకడానికి సరిపోవాలనీ, బోధనకు అడ్డు వచ్చే మరో పని వెదుక్కోవలసిన అవసరం రాకూడదనీ కోరింది. సాయంత్రం పొద్దుపోయేదాకా ట్యూషన్లు చెప్పుకుంటే తప్ప ఇల్లు గడవని టీచరును, వెనుకబడిన పిల్లవాడి కోసం బడి వదిలాక అరగంట ఉండమని ఏ ముఖంతో అడుగుతాం? ఏడాదికోసారి ధ్యానకూటం పెట్టి పంపేస్తే సరిపోదు.

ప్రశ్న: మా పాఠశాలలో కథోలిక పిల్లలకు సత్యోపదేశం, మిగిలినవారికి నీతిబోధ ఒకే పీరియడ్‌లో జరుగుతాయి. టైమ్ టేబుల్‌లో ఆ గంట ఎవరికి ఖాళీగా ఉంటే వారికి ఆ తరగతి ఇస్తున్నారు. ఇది సబబేనా?
- ఒక తండ్రి, ఖమ్మం

సమాధానం: సబబు కాదు. మతబోధకు నియమించేవారు సిద్ధాంతంలోనూ, క్రైస్తవ జీవితంతో చూపే సాక్ష్యంలోనూ, బోధనా నైపుణ్యంలోనూ మిన్నగా ఉండేలా పీఠాధిపతులు శ్రద్ధ వహించాలని అదే చట్టంలోని 804వ సూత్రం చెబుతుంది. ఫిజిక్సు తెలియనివారిని పదో తరగతి ఫిజిక్సుకు పంపని బడి, సత్యోపదేశానికి మాత్రం ఎవరైనా ఫరవాలేదనుకుంటే, ఆ గంటకు విలువ లేదని పిల్లలకు తానే చెప్పినట్లవుతుంది. నీతిబోధ తరగతిదీ ఇదే పరిస్థితి. పుస్తకంలోని కథ చదివించి ప్రశ్నలకు జవాబులు రాయించడంతో ఆ గంట గడిచిపోతోంది. మీరు ముందు ప్రధానోపాధ్యాయినితో మాట్లాడండి. మార్పు రాకపోతే మీ విచారణ (పారిష్) గురువు ద్వారా మేత్రాసన (డయోసిస్) విద్యా విభాగానికి రాయండి. విచారణలో శిక్షణ పొందిన ఉపదేశి (సత్యోపదేశం చెప్పేవారు) ఉంటే వారంలో ఆ గంటకు బడికి పిలిపించుకునే ఏర్పాటును కూడా ఆ ఉత్తరంలో సూచించవచ్చు.