ఆరబెట్టే మెషీన్‌లో కాలిన వాసన

శ్రీకాకుళం

అమ్మలూ,

బట్టలు ఉతికి ఆరబెట్టే మెషీన్‌లో కాలిన వాసన వస్తోందని రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. నేను వచ్చేదాకా ఆ మెషీన్ జోలికి వెళ్లకు. విజయనగరంలో ముసురు పట్టిందని, పిల్లల యూనిఫాంలు ఆరడం లేదని తెలుసు. నాలుగు రోజులు ఫ్యాను కింద దండెం కట్టుకో.

ముందు ఎంసీబీ, అంటే ఎక్కువ కరెంటు లాగితే దానంతటదే పడిపోయే స్విచ్చు, దించు. ఆ తర్వాత ప్లగ్గు పీకి, వెలుతురులో పట్టుకుని పిన్నుల మొదళ్లు చూడు. మా ఇంట్లోనూ ఇలాగే వానాకాలంలో నీచు వాసన వచ్చింది. పక్కింటివాళ్లు ఎండు చేపలు వేయిస్తున్నారనుకుని ఊరుకున్నాం. తీరా చూస్తే ఎక్స్‌టెన్షన్ బాక్సు! ఒక పిన్ను నల్లబడి, దాని చుట్టూ ప్లాస్టిక్ బెల్లప్పాకంలా మెత్తబడిపోయింది. బట్టలు ఆరబెట్టే హీటరు మామూలుగా రెండు వేల వాట్ల దాకా లాగుతుంది, అంటే దాదాపు 9 ఆంపియర్లు. 6 ఆంపియర్ల బోర్డు దాన్ని మోయలేదు. గోడలో 16 ఆంపియర్ల సాకెట్‌కే నేరుగా పెట్టాలి.

ప్లగ్గు శుభ్రంగా ఉంటే, వాసన ఎలాంటిదో గుర్తు తెచ్చుకో. రబ్బరు కాలినట్టుంటే బెల్టు జారుతోందేమో. గుడ్డ మాడినట్టుంటే హీటరు దగ్గర నూగు పేరుకుని ఉంటుంది. ఉతికి ఆరబెట్టే మెషీన్లు చాలావాటిలో విడిగా తీసి దులుపుకునే జాలీ ఉండదు, లోపలి గాలి గొట్టం విప్పాల్సిందే. అది మెకానిక్ పని, నువ్వు విప్పొద్దు. కొత్త మెషీన్‌కి మొదట్లో కొంచెం వాసన మామూలే గానీ, నీది కొని మూడేళ్లయింది. ఎవరైనా "అంతేనమ్మా" అంటే ఒప్పుకోకు.

ఇంకొకటి, ఇది మాత్రం మరిచిపోవద్దు. పాపకి నువ్వుల నూనె రాసి తుడిచిన తువ్వాళ్లు, వంటింటి మసిగుడ్డలు డ్రయ్యర్‌లో వెయ్యకు. ఎంత ఉతికినా నూనె పూర్తిగా పోదు. వేడి మీద కుప్పగా ఉంటే లోలోపల ఇంకా కాగి, మెషీన్ ఆగాక కూడా అంటుకోవచ్చు.

ఎప్పుడైనా పొగ కనిపిస్తే తలుపు తియ్యకు, నీళ్లు పొయ్యకు. వీలైతే మెయిన్ ఆపి, పిల్లలతో బయటికి వచ్చి 101కి ఫోన్ చెయ్యి.

ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తాను. ప్లగ్గు ఫొటో మాత్రం ఈ రాత్రికే పంపించు.

పెదనాన్న