చెయ్యి ఊగితే ఊగనీ, మణికట్టు తిరగనివ్వకు

చి. అమ్మలుకి పెదనాన్న దీవెనలు.

నువ్వు ఎయిర్ పిస్టల్ పట్టావనీ, పోటీలకి పేరిచ్చావనీ మీ నాన్న రాత్రి ఫోన్లో చెప్పాడు. మన ఇంట్లో ఆడపిల్ల పిస్టల్ పట్టడం నువ్వే మొదలు, నాకు ఛాతీ పొంగింది. అంతలోనే గుండె గుభేలుమంది. పిస్టల్ సెకండ్ హ్యాండుదనీ, గాలి రాజోలులోనే ఎక్కడో ఒకచోట నింపించుకోవచ్చనీ కూడా వాడు చల్లగా చెప్పాడు మరి.

అందుకే ముందు అదే రాస్తున్నాను. లారీ టైరులో ఉండే గాలి ఒత్తిడి ఎనిమిది బార్. నీ పిస్టల్‌కి బిగించే గాలి సిలిండర్‌లో నింపేది 200. దాని మీద చెక్కిన గడువు తేదీ చూడు. దాటిపోయి ఉంటే ఆ సిలిండర్ పక్కన పెట్టి కొత్తది తీసుకో, డబ్బు నేను పంపుతాను. పొడి గాలి తప్ప ఇంకేదీ ఎక్కించనివ్వకు. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ ఉంది, అదీ గాలే కదా అని ఎవడైనా అంటే మారు మాట్లాడకుండా వచ్చెయ్. అంత ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి కాస్త జిడ్డు తగిలినా అంటుకుని పేలుతుంది. వాల్వు దగ్గర కుట్టుమిషను నూనె కూడా వద్దు.

మిగతావి నీకు తెలిసినవే. పిస్టల్ మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. గురి చూసేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు. కళ్లద్దాలు మరవకు. పెలెట్లంటే సీసం గుళ్లు, సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు పిల్లల ముందు ఆ పిస్టల్ పెట్టె తెరిచావో, నాతో మాటలు పడతావు. ప్రభల తీర్థంలో బెలూన్లు కొట్టిన పిల్లలు వాళ్లు, ఇదీ అలాంటి ఆటేననుకుంటారు.

చెయ్యి వణుకుతోంది, ఎలా ఆపాలి అని దిగులు పడుతున్నావట. ఆపలేవు. 2024లో పారిస్ నుంచి రెండు కాంస్యాలు తెచ్చిన మను భాకర్ చెయ్యయినా కాస్త కదులుతుంది, మనిషి చెయ్యే కదా. ఒక లెక్క చెబుతాను. పది పాయింట్ల వలయం అడ్డం 11.5 మి.మీ., పెలెట్ 4.5. పెలెట్ అంచు గీతకి తగిలినా పదే ఇస్తారు. అంటే మధ్య నుంచి 8 మి.మీ. పక్కకి పోయినా పది నీదే. చెయ్యీ పిస్టలూ కలిసి, కోణం మారకుండా 5 మి.మీ. ఊగాయనుకో, పెలెట్ కూడా 5 మి.మీ. పక్కన పడుతుంది. నష్టం లేదు. అదే మణికట్టు రవ్వంత తిరిగి, మూతి దగ్గర గురి చూసే మొన, అంటే ఫ్రంట్ సైట్, వెనక సైట్ గాడిలో 1 మి.మీ. పక్కకి జరిగిందా, సైట్ల మధ్య దూరం 33 సెం.మీ. దాకా, టార్గెట్ 10 మీటర్లు, అక్కడికి చేరేసరికి ఆ ఒక్కటీ 30 అవుతుంది. పది కాస్తా ఏడు!

కాబట్టి చూపు ఫ్రంట్ సైట్ మీదే ఉండాలి. టార్గెట్ మీది నల్ల గుండ్రం మసకగా కనిపిస్తే కంగారు పడకు, అలాగే కనపడాలి. గాడిలో రెండు పక్కలా వెలుగు సమానంగా ఉండాలి, పైఅంచులు ఒకే మట్టంలో ఉండాలి. గుండ్రం కింద కాస్త తెలుపు వదిలి గురి పట్టు.

ఇక పట్టు. ఎడమచేత్తో పిస్టల్ ముందు భాగం పట్టుకుని, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న సందుని గ్రిప్, అంటే చెక్క పిడి, పైకొసలోకి నొక్కి కూర్చోబెట్టు. ఆ సందు గొట్టానికి సూటిగా వెనకే ఉండాలి, ఎంత పైకి వెళ్తే అంత మంచిది. తర్వాత మధ్యవేలు, ఉంగరపువేలు చుట్టి తిన్నగా వెనక్కి లాగు. ఆ రెండు వేళ్లదే బలం. చిటికెనవేలు తోడుకి ఉంటుందంతే. బొటనవేలు ఊరికే ఆనుకుని ఉండాలి, నొక్కితే పెలెట్ కుడికి పోతుంది. చూపుడువేలు పక్కచెక్కకి ఎక్కడా తగలకూడదు. మొదటి కణుపు మెత్తటి భాగం ఒక్కటే ట్రిగ్గర్ మీద ఉండాలి.

అరచెయ్యి కింద ఉండే పలకని బిగించెయ్యకు. పోటీలో 60 షాట్లు, 75 నిమిషాలు. మన ఉక్కకి అరగంట తిరిగేసరికి చెయ్యి కాస్త ఉబ్బుతుంది. మొదట్లో సరిపోయిన పలక అప్పుడు చేతిని పైకి నెడుతుంది. కాగితం దూరేంత సందు వదులు. మణికట్టుకి పట్టీ కట్టుకుందామనుకునేవు, ఆ చేతికి గడియారం కూడా ఒప్పుకోరు.

పట్టు కుదిరిందో లేదో తెలియాలంటే కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తు, రెండు ఊపిర్లు పీల్చి కళ్లు తెరువు. ఫ్రంట్ సైట్ గాడి మధ్యలో ఉండాలి. ఎప్పుడూ ఒకవైపే పోతుంటే మణికట్టుతో సర్దకు, తప్పు చెక్కది. గ్రిప్ స్క్రూ వదులు చేసి వంపు మార్చు. అప్పటికీ రాకపోతే ఎక్కువున్న చోట ఉప్పు కాగితంతో గీకు, తక్కువైన చోట ఎం-సీల్ పెట్టు.

ఇప్పుడు నీ పాత జబ్బు. చిన్నప్పుడు నువ్వు నోట్సు రాస్తే వెనక మూడు కాగితాల దాకా అచ్చు పడేది. పెన్ను పట్టుకున్న వేళ్లు తెల్లగా పాలిపోయేవి. ఆ చేత్తోనే ఇప్పుడు పిస్టల్ పట్టుకుంటున్నావు, అదీ నా భయం. గట్టిగా పట్టుకోవడం ఒక్కటే అయితే అంత నష్టం లేదు. ట్రిగ్గర్ లాగే క్షణాన పట్టు ఇంకాస్త బిగుస్తుంది చూడు, అక్కడే కొంప మునుగుతుంది. చేతివేళ్లని మడిచే కండ ముంజేతిలో ఉంటుంది, దాని తీగలు వేళ్లన్నిటికీ కలిసి వెళ్తాయి. చూపుడువేలు ఒక్కదాన్నే మడుద్దామనుకుంటావు, పక్కవేళ్లు కూడా దానితో ముడుచుకుంటాయి. మూతి కిందికి దిగుతుంది. కుడిచేతి వాటం వాళ్లకి పెలెట్ చాలాసార్లు కింద ఎడమ పక్కకి పోతుంది. నువ్వేమో సైట్ తప్పనుకుని స్క్రూ తిప్పుతావు. తర్వాతి షాట్‌కి పట్టు బాగుంటే అది పైన కుడిపక్క పడుతుంది. మళ్లీ తిప్పుతావు. సాయంత్రానికి పిస్టల్‌ని తిట్టుకుంటూ ఇంటికొస్తావు. పది పెలెట్లు ఒక్కచోట గుమిగూడేదాకా సైట్ స్క్రూ ముట్టుకోవద్దు.

మందు ఏమిటంటే, పిస్టల్ ఎత్తకముందే మధ్యవేలూ ఉంగరపువేలూ ఎంత బిగించాలో అంతా బిగించెయ్. గోళ్లు తెల్లబడకూడదు, చెయ్యి అదరకూడదు. షాట్ అయ్యాక కూడా ఒకటి రెండు సెకన్లు ఆ బిగువు అలాగే ఉండాలి. రావులపాలెం బస్సులో కూర్చున్నప్పుడు ఉత్త చేత్తో సాధన చెయ్యి, మూడు వేళ్లు మడిచి ఉంచి చూపుడువేలు ఒక్కటే ఆడించు. పక్కవేళ్లు కదలడం ఆగిందంటే సగం పని అయినట్టే.

ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలి, పోటీలో తూచి చూస్తారు. పిస్టల్‌ని గురి మీదికి దించుతూనే ట్రిగ్గర్ మొదటి దశ, అంటే బరువు తగిలేదాకా వదులుగా కదిలే భాగం, లాగెయ్. ఆగాక ఐదు నుంచి ఎనిమిది సెకన్లలో షాట్ పోవాలి. పోకపోతే దించెయ్, మొండికెయ్యకు. కన్ను అలిసిపోయాక ఫ్రంట్ సైట్ బాగానే ఉన్నట్టు కనిపించి మోసం చేస్తుంది.

ఇంట్లో టార్గెట్ పెట్టుకోకు. సున్నం కొట్టిన తెల్లగోడకి ఎదురుగా, పెలెట్ లేకుండా, డ్రై ఫైర్ మీట, అంటే గాలి వదలకుండా ట్రిగ్గర్ మాత్రం ఆడించుకునే మీట, ఉన్న పిస్టల్ అయితేనే సాధన చెయ్యి. గురిపెట్టడానికి ఏమీ లేదు గనక కన్ను ఫ్రంట్ సైట్ వదిలి పోదు, పట్టు బిగిస్తే ఆ సైట్ దూకడం నీకే కనిపిస్తుంది. రోజూ పావుగంట చాలు. భుజం నొప్పెడితే ఆ పూటకి మానెయ్, నొప్పితో చేస్తే వంకర పట్టు అలవాటవుతుంది.

సముద్రపు గాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యి, చెమట చేతులతో ముట్టుకున్న ఇనుప భాగాలన్నీ ఆ పూటే తుడువు. పక్కన నూలు తువ్వాలు పెట్టుకుని షాట్‌కీ షాట్‌కీ మధ్య అరచెయ్యి ఒత్తుకో, చెమటకి చెక్క జారితే మళ్లీ బిగిస్తావు.

గ్రిప్ గీకే ముందు ఒక వీడియో పంపు. పిస్టల్ ఎత్తడం దగ్గర్నుంచి షాట్ అయ్యేదాకా, మణికట్టు కనపడేలా పక్క నుంచి తియ్యాలి. తమ్ముణ్ణి తియ్యమను. ఫోన్‌లో జూమ్ ఉంది కదా, వాడు నీ భుజం కంటే ఒక అడుగు వెనకే నిలబడాలి, ముందుకి రానివ్వకు.

ఇట్లు
పెదనాన్న