పాలకొండకు ఏ జిల్లా రంగు?

ప్రశ్న: శ్రీకాకుళంలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. ఒక విత్తనాల డీలర్‌కు తన బ్రాంచీలున్న ఊళ్లు చూపించే రాష్ట్ర మ్యాప్ కావాలి. కరపత్రానికి, 12 అడుగుల ఫ్లెక్సీకి, వెబ్‌సైట్‌కి అన్నిటికీ అదే వాడతారట. నెట్‌లో దొరికిన జేపెగ్‌ను పెద్దది చేస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. పైగా అందులో పాలకొండ ఇంకా మన జిల్లాలోనే ఉంది. ఎంత పెద్దది చేసినా చెదరని వెక్టర్ మ్యాప్ కొనుక్కోవాలా, నేనే గీసుకోవాలా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: పాలకొండ సంగతి మీరు పట్టుకున్నందుకు చాలా సంతోషం. చాలామంది అది చూడకుండానే ప్రింటుకు పంపేస్తారు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం రైతు చేతికి పాత మ్యాప్ ఇస్తే ఆ డీలర్ మీద నమ్మకం ఏముంటుంది?

ఆ జేపెగ్‌ను మాత్రం ఆటో ట్రేస్ (బొమ్మను సాఫ్ట్‌వేరే గీతలుగా మార్చడం) చేయకండి. నది, రోడ్డు, ఊరి పేరు, సరిహద్దు అన్నీ కలిసిపోయి ఒకే ముద్దగా వస్తాయి. కొన్నా, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో సరిహద్దుల డేటా తెరిచి ఎస్‌వీజీగా (వెక్టర్ ఫైలుగా) తీసుకున్నా మీ ఇష్టం. కానీ మ్యాప్ మండలాల నుంచి మొదలవ్వాలి. ప్రతి మండలం విడిగా, మూసిన ఆకారంగా ఉండాలి. జిల్లా అంటే ఆ మండలాల గ్రూపు. అలా ఉంటే రేపు జిల్లాలు మళ్లీ మారినా, ఆ మండలాన్ని ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపులోకి జరిపితే చాలు. జిల్లా గీతలు మాత్రమే ఉన్న ఫైలు చవగ్గా వచ్చినా నేనైతే కొనను. డబ్బు కట్టేముందు శాంపిల్ ఫైలు అడిగి తీసుకుని, ఒక మండలాన్ని క్లిక్ చేసి రంగు మార్చి చూడండి.

లేయర్ల వరుస కిందనుంచి చెబుతాను: సముద్రం, పక్క రాష్ట్రాలు, మండలాలు, జిల్లా గీతలు, నదులు, రైలు మార్గాలు, రోడ్లు, బ్రాంచీల చుక్కలు, అన్నిటికన్నా పైన పేర్లు.

అసలు టెన్షన్ అంతా ఈ పేర్లతోనే. అను ఫాంట్లలో టైపు చేస్తే ప్రెస్‌లో బాగానే ఉంటుంది, వెబ్‌సైట్‌లో ఇంగ్లీషు అక్షరాల గందరగోళమవుతుంది. అందుకని మొదటి నుంచీ ఎక్కడైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోనే చేయండి. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి, పేరాగ్రాఫ్ మెనూలో దక్షిణాసియా కంపోజర్‌ను ఎంచుకోండి. మన జిల్లా తీరం వెంట ఇచ్ఛాపురం దాకా సన్నగా సాగుతుంది కదా, లోపల చోటు చాలదు. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరం ఊళ్ల పేర్లు సముద్రం వైపు రాయండి. వంశధార, నాగావళి పేర్లు నది గీతకు కాస్త పైన రాయండి, లేకపోతే అక్షరాల కింది భాగాలు గీతలో కలిసిపోతాయి.

ప్రెస్‌కి పంపేటప్పుడు వేరే కాపీ తీసి అందులోనే పేర్లను కర్వ్స్ (అక్షరాలను గీతల ఆకారాలుగా మార్చడం) చేయండి. అసలు ఫైల్లో కర్వ్స్ చేస్తే తర్వాత ఒక్క దీర్ఘం కూడా దిద్దలేరు. కరపత్రానికి సీఎంవైకే (ప్రింటు సిరాల రంగులు) పీడీఎఫ్ ఇవ్వండి. ఫ్లెక్సీకి ఏ ఫార్మాట్ కావాలో ఆ షాపునే అడగండి. వెబ్‌కి ఆర్‌జీబీలో (తెర రంగుల్లో) ఎస్‌వీజీ సరిపోతుంది. ప్రతి జిల్లా గ్రూపుకూ ఒక ఐడీ పెడితే వెబ్‌సైట్ చేసేవాళ్లు దాన్ని తాకగానే రంగు మారేలా చేసుకుంటారు. తీరం గీతలో నోడ్‌లు (గీత మలుపు బిందువులు) ఎక్కువై ఫైలు బరువెక్కితే మ్యాప్‌షేపర్ అనే టూల్‌లో తగ్గించండి. ఒక్కో మండలాన్నీ విడిగా తగ్గిస్తే పక్కపక్క మండలాల మధ్య సందులు పడతాయి. మ్యాప్‌షేపర్ ఉమ్మడి గీతను ఒకటిగానే చూస్తుంది.

డేటా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్‌దైతే ఆ పేరు మ్యాప్ మీద వేయడం తప్పనిసరి. మూలలో చిన్న భారతదేశం మ్యాప్ పెడితే సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించిన సరిహద్దే వాడండి. దేశ సరిహద్దులు తప్పుగా చూపితే 1961 క్రిమినల్ లా (సవరణ) చట్టం కింద శిక్ష ఉంది.

ప్రశ్న: మా దగ్గర ఇంక్‌స్కేప్ అనే ఉచిత వెక్టర్ సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉంది. ఇలాంటి పని దాంతో అవుతుందా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: నిస్సంకోచంగా చేయండమ్మా. లేయర్లు, యూనికోడ్ తెలుగు, ఎస్‌వీజీ అన్నీ అందులో బాగానే వస్తాయి. అది రంగులను ఆర్‌జీబీలో చూస్తుంది కాబట్టి, ఆఫ్‌సెట్ ప్రింటుకు వెళ్లేముందు స్క్రైబస్ అనే పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి సీఎంవైకేలోకి మార్చుకోండి. అదీ ఉచితమే.