నాలుగు ల్యాపులకే బ్రేక్ పెడల్ మెత్తబడుతుంటే

రేస్ ట్రాక్ మీద కారు నడుపుతుంటే నాలుగో ల్యాప్‌లో పెడల్ నేలను తాకిందని, చల్లారాక మళ్లీ గట్టిపడిందని రాశారు కదండీ. ఈ లక్షణం చూస్తే బ్రేక్ ఆయిల్ మరిగినట్టే. ఆవిరి బుడగలు నలుగుతాయే తప్ప ఒత్తిడి చక్రం దగ్గర ప్యాడ్‌లను (బ్రేక్ బిళ్లలను) నొక్కే కాలిపర్‌కు చేరదు. ప్యాడ్‌లే వేడెక్కి పట్టు తప్పితే పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు.

డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరగకుండా కనీసం 230 డిగ్రీలు తట్టుకోవాలి. తేమ పీల్చుకున్నాక అది 155కి పడిపోవచ్చు. అందుకే సీలు తీయని డబ్బా కొని, నాలుగు చక్రాల దగ్గరా పాతది పూర్తిగా పోయేదాకా బ్లీడ్ చేయించండి (పాత ఆయిల్ బయటికి తీయించి కొత్తది నింపించడం). డాట్ 5 మాత్రం పోయొద్దు, అది సిలికాన్, దీంతో కలవదు. ప్యాడ్ సగం అరిగిపోయి ఉంటే మార్చేయండి, పలచబడ్డకొద్దీ వేడి ఆయిల్‌కు త్వరగా చేరుతుంది.

బ్రేకులు చల్లారేలా ఆఖరి ల్యాప్ బ్రేక్ పెద్దగా వాడకుండా తిప్పండి. పిట్‌లో (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోట) హ్యాండ్‌బ్రేక్ వేయకుండా, ఇంజన్ ఆపి గేర్‌లో ఉంచి, చక్రం కింద చెక్కదిమ్మ పెట్టండి.

ట్రాక్ మీదే మెత్తబడితే పెడల్‌ను పదేపదే తొక్కుతూ గేర్లు తగ్గించండి. రేసింగ్ లైన్ మీద, అంటే అందరూ వేగంగా వెళ్లే దారిలో, హఠాత్తుగా నెమ్మదించడం చాలా ప్రమాదం. అద్దం చూసుకుని, చెయ్యెత్తి చూపించి, పక్కకు తప్పుకుని వెనకవాళ్లను పోనివ్వండి.