ఎదుటివారి బీమా చాలకపోతే మిగతా బిల్లు ఎవరు కట్టాలి?

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లోని ప్లేనోలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆర్నెల్లు ఉండి వద్దామని నేనూ నా భార్యా వెళ్ళాం. ఒక ఆదివారం గుడి నుంచి వస్తుండగా ఎర్రలైటు దాటి దూసుకొచ్చిన పికప్ ట్రక్కు, ఆవిడ కూర్చున్న వైపే మా కారును గుద్దింది. ముంజేతి ఎముక విరిగితే ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. బిల్లులు 84,000 డాలర్లు దాటాయి. తప్పు తమ డ్రైవరుదేనని ట్రక్కు బీమా కంపెనీ ఒప్పుకుంది కాని, 30,000 డాలర్లకు మించి రాదనీ, పంపిన కాగితం మీద సంతకం పెడితే వారంలో చెక్కు వస్తుందనీ అంటోంది. మన దగ్గర థర్డ్ పార్టీ పాలసీ ఉంటే కోర్టు ఎంత చెబితే అంత ఇస్తారు కదా! మిగిలింది మా అబ్బాయి పాలసీలో అడగవచ్చా? అందులో నా భార్య పేరు లేదు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆ కాగితం మీద మీ శ్రీమతి చేత ఇప్పుడే సంతకం పెట్టించకండి. ఎందుకో కింద చెబుతాను.

మన దేశం గురించి మీరన్నది నిజమే. ఇక్కడ మనిషికి తగిలిన దెబ్బకు గాని, ప్రాణనష్టానికి గాని థర్డ్ పార్టీ బీమాలో పరిమితి లేదు. కార్ల విషయంలో ఆస్తి నష్టానికి మాత్రమే 7.5 లక్షల రూపాయల హద్దు ఉంది. అందువల్ల బీమా అసలే లేని బండి గుద్దితే మనకు చిక్కు గాని, ఉన్న బీమా చాలకపోవడమనే సమస్య సాధారణంగా ఎదురుకాదు. టెక్సస్‌లో చట్టం అడిగేది గాయపడిన ఒక్కొక్కరికి 30,000, ఒక ప్రమాదం మొత్తానికి 60,000, ఆస్తి నష్టానికి 25,000 డాలర్లు మాత్రమే. ఆ ట్రక్కు యజమాని చట్టం చెప్పినంత కొన్నాడు, అంతకు మించి ఒక్క డాలరూ కొనలేదు. అక్కడి ఆసుపత్రి ధరల ముందు ఆ మొత్తం ఏ మూలకూ రాదని మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ లోటును పూడ్చేందుకే అక్కడి కారు పాలసీల్లో ‘అన్‌ఇన్సూర్డ్, అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్’ కవరేజీ ఉంటుంది. గుద్దినవాడికి బీమా లేకపోయినా, ఉన్నది చాలకపోయినా, మన కంపెనీయే మనకు చెల్లిస్తుంది. సాధారణంగా ఇది పాలసీదారుతో పాటు ఆ కారులో కూర్చున్నవారికీ వర్తిస్తుంది కాబట్టి, పాలసీలో పేరు లేదన్నది మీ శ్రీమతికి అడ్డు కాదు. ఆవిడ సందర్శక వీసా మీద ఉండటానికీ, దీనికీ సంబంధం లేదు.

మీ అబ్బాయిని పాలసీ తాలూకు ‘డిక్లరేషన్స్’ పేజీ తీసి చూడమనండి. కవరేజీల వరుసలో దీని పేరు, పక్కన 50/100 అనో 100/300 అనో వేలల్లో అంకెలు ఉంటాయి. మొదటి అంకె గాయపడిన ఒక్కొక్కరికి, రెండోది ఒక ప్రమాదం మొత్తానికి. నష్టం మొత్తం లక్ష డాలర్లని తేలిందనుకోండి: ట్రక్కు పాలసీ ఇచ్చే 30,000 పోను మిగిలిన 70,000లో, మీ అబ్బాయి పాలసీ 50/100 అయితే 50,000, 100/300 అయితే పూర్తిగా 70,000 అడగవచ్చు. అయితే 84,000 బిల్లు యథాతథంగా లెక్కలోకి వస్తుందనుకోకండి. టెక్సస్ చట్టం ఆసుపత్రికి నిజంగా చెల్లించిన, చెల్లించాల్సిన మొత్తాన్నే చూస్తుంది. నొప్పికి, చేతి పట్టు తగ్గినందుకు వేరే లెక్క ఉంటుంది.

ఆ వరుసే కనబడకపోతే వెంటనే నిరాశ పడనక్కరలేదు. టెక్సస్‌లో కంపెనీ ఈ కవరేజీని ఇవ్వజూపి తీరాలి. వద్దనుకుంటే పాలసీదారు రాతపూర్వకంగా వద్దనాలి. ఆ రాత కంపెనీ చూపలేకపోతే, కనీస మొత్తానికి కవరేజీ ఉన్నట్టే లెక్క. ప్రీమియం నాలుగు డాలర్లు తగ్గుతుందని, ఆన్‌లైన్‌లో కారు బీమా కొనేటప్పుడు ఈ గడి దగ్గర వద్దని నొక్కేసే పిల్లలను నేను చాలామందిని చూశాను. ‘పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్’ అనే మరో కవరేజీకీ ఇదే నియమం. తప్పు ఎవరిదన్నదానితో పని లేకుండా కనీసం 2,500 డాలర్ల వరకు వైద్య ఖర్చు దాని కింద రావచ్చు కనుక, అదీ చూడమనండి.

ఇక సంతకం సంగతి. ట్రక్కు కంపెనీ పంపింది విడుదల పత్రం. ఆ డ్రైవరు మీద ఇక ఏ హక్కూ అడగనని అందులో ఉంటుంది. మీ అబ్బాయి కంపెనీకి చెప్పకుండా దాని మీద సంతకం పెడితే, ఆ డ్రైవరు నుంచి రాబట్టుకునే తమ అవకాశం పోయిందని చెప్పి, మిగతా క్లెయిమ్‌ను వాళ్ళు నిరాకరించే ప్రమాదం ఉంది. వాళ్ళ అనుమతి రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే సంతకం పెట్టాలి. ప్రమాదం జరిగిన 72 గంటల్లోపు ఆసుపత్రిలో చేర్చుకుని ఉంటే, ఆ 30,000 మీద ఆసుపత్రికీ హక్కు ఉండవచ్చు కాబట్టి, ఆ సంగతి తేల్చుకోకుండా చెక్కు ఖర్చు పెట్టవద్దు.

డ్రైవరు తప్పు, నష్టం మొత్తం కోర్టులో తేలేదాకా చెల్లించాల్సిన బాధ్యత తమకు లేదని మీ అబ్బాయి కంపెనీ అనవచ్చు. 2006లో టెక్సస్ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ వాదనకు బలమిస్తోంది. డ్రైవరు మీద దావాకు గడువు రెండేళ్ళు. అందుకే అక్కడి లాయరును ఇప్పుడే సంప్రదించండి. ఇలాంటి కేసుల్లో వాళ్ళు ముందు ఫీజు అడగకుండా వచ్చిన దానిలో వాటా తీసుకోవడం మామూలు.

మీరు తిరుగు విమానం ఎక్కేలోపు ఆపరేషన్ రికార్డు, ఎక్స్‌రేలు, అంశాలవారీ బిల్లులు ఆసుపత్రి నుంచి తీసుకోండి. తెనాలిలో చేయించే ఫిజియోథెరపీ రసీదులు కూడా తేదీలతో దాచండి. రూపాయల్లో ఉన్నా అవీ నష్టం లెక్కలోకి వస్తాయి.