అల్లుడూ, ఆ చాట్ చెరపొద్దు

అనంతపురం

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి ఏడ్చింది. నీ విషయంలో కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ, అంటే ఆర్మీ లోపలి విచారణ, వేశారని, వాట్సాప్ మెసేజ్‌లే సాక్ష్యమని చెప్పింది. నేను సర్వీసులో సగం కాలం యూనిట్ ఆఫీసులో ఇలాంటి కాగితాల మధ్యే గడిపాను. ఫోన్లో చెప్తే టెన్షన్‌లో సగం మరిచిపోతావని రాస్తున్నా.

ముందు, ఫోన్లో ఏదీ చెరపొద్దు. నాతో పనిచేసిన ఒక కుర్రాడు భయపడి రాత్రికి రాత్రే చాటంతా డిలీట్ చేశాడు. అవతలివాడి ఫోన్లో అది అలాగే ఉంది. చూస్తే ఆ మెసేజ్‌లలో పెద్ద తప్పేమీ లేదు. ఎందుకు చెరిపావంటే మాత్రం వాడి దగ్గర జవాబు లేదు. ఎన్‌క్రిప్షన్ ఉంది కదా, ఎవరూ చదవలేరులే అనుకోకు. ఆ తాళం మెసేజ్ దారిలో ఉన్నంతసేపే. ఫోన్ తెరిస్తే అన్నీ మామూలు అక్షరాలే. మెసేజ్‌లు గడువు తీరగానే వాటంతటవే పోయే డిసప్పియరింగ్ సెట్టింగ్ పెట్టి ఉంటే విచారణ చేసేవాళ్లకు ఇవాళే రాతపూర్వకంగా చెప్పు. ఇప్పుడు ఆఫ్ చేసినా పాతవి వాటి గడువుకు పోతూనే ఉంటాయి.

వాళ్లు చూపిస్తున్నది స్క్రీన్‌షాటా, అసలు ఫోనా? అది అడుగు. "వాడి సంగతి నేను చూసుకుంటా" అన్న ఒక్క ముక్క కత్తిరించి పెడితే బెదిరింపులా ఉంటుంది. దాని పైన "పాపం, వాడికి జ్వరం" అని ఉంటే అదే మాట సాయం అవుతుంది. అందుకే తేదీలు, టైములతో సహా సంభాషణ మొత్తం రికార్డులోకి రావాలని పట్టుబట్టు.

విషయం కోర్ట్ మార్షల్ దాకా, అంటే సైనిక కోర్టు దాకా వెళ్లినా, దానికి సాక్ష్యాల చట్టం వేరే లేదు. ఆర్మీ యాక్ట్ 133వ సెక్షన్ ప్రకారం మామూలు కోర్టుల చట్టమే అక్కడా నడుస్తుంది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ సాక్ష్య అధినియం. ఎలక్ట్రానిక్ సాక్ష్యాల గురించి చెప్పే పాత చట్టంలోని 65బి సెక్షన్ స్థానంలో ఇప్పుడు 63వ సెక్షన్ ఉంది. కాపీ పెడితే అది ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం కాపీ ఇచ్చేవాళ్లు, రెండో భాగం నిపుణుడు నింపాలి. హాష్ విలువ, అంటే ఫైల్‌లో ఉన్నదాన్ని బట్టి కంప్యూటర్ లెక్కగట్టే ఒక గుర్తు, కూడా రాయాలి. మన వేరుశనగ బస్తాకు సీలు వేసినట్టు అనుకో, లోపల ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. అయితే ఫోన్ యజమానే సాక్షిగా వచ్చి అసలు ఫోన్ చూపిస్తే సర్టిఫికెట్ అక్కర్లేదని పాత చట్టం కింద 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విచారణ ముగిసేలోగా సర్టిఫికెట్ తెప్పించుకునే వీలుందని కూడా అదే తీర్పులో ఉంది. కాబట్టి కాగితం లేదు, గెలిచేశాననుకుని కూర్చోకు.

నీ పేరుకు మచ్చ వచ్చే విచారణ అయితే మొదటి నుంచి చివరిదాకా కూర్చునే హక్కు, సాక్షులను ప్రశ్నించే హక్కు ఆర్మీ రూల్స్ 180 నీకిస్తోంది. చాలామంది కుర్రాళ్లు మొహమాటపడి "ప్రశ్నలు లేవు సార్" అనేస్తారు. అది చూసి నాకు ఎన్నిసార్లు కడుపు తరుక్కుపోయిందో! నువ్వు అడుగు. ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉంది, పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు, స్క్రీన్‌షాట్ ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు.

తర్వాత సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ దాకా, అంటే కోర్ట్ మార్షల్‌కు ముందు సాక్షుల మాటలు రాసుకునే దశ దాకా వెళ్తే, అక్కడ నోరు విప్పాలన్న బలవంతం లేదు. మాట్లాడితే మాత్రం నిజమే చెప్పు. నువ్వు రాసిన మెసేజ్‌ను నాది కాదనకు.

వాళ్లు నీ ఫోన్ తీసుకుంటే ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ ఉండే గుర్తింపు నంబరు), తేదీ, టైము రాసిన రశీదు సంతకాలతో తీసుకో. దాని జిరాక్స్ ఒకటి నాకు పోస్టులో పంపు. ఇక్కడ మనకు తెలిసిన వకీలు మంచివాడే కానీ సైనిక కేసులు చేయలేదు. చేసినవాళ్లను నేను వెతుకుతున్నా.

అక్కకు రోజూ ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మామ