పూలకోసం బెంగ పెట్టుకోవడం జబ్బేం కాదు

ప్రశ్న: మాది అరకు దగ్గర చిన్న ఊరు. తిరుపతిలో హాస్టల్లో ఉండి బీఎస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. దసరా సెలవులయి తిరిగొచ్చినప్పటి నుంచి మనసు దేనిమీదా నిలవడం లేదు. మా కొండల మీద పండించే నూనెగింజల పంట వలిసె. దాని పూలు విచ్చుకుంటున్నాయని చెల్లి వీడియోలు పంపుతోంది. అవి చూసి ఏడుస్తున్నాను. మధ్యాహ్నం క్లాసులు మానేసి పడుకుంటున్నాను. ‘పూలకోసం ఏడుస్తావా’ అని రూమ్మేట్లు నవ్వుతున్నారు. ఇక కాఫీ పళ్ల కోతకు అమ్మ ఒక్కతే పోవాలి. టీసీ తీసుకుని అరకు కాలేజీలో చేరిపోనా? నాకేమైనా జబ్బా?

జవాబు: జబ్బు కాదమ్మా. ‘తిరుపతిలోనూ కొండలున్నాయి కదా’ అని ఈపాటికి నీకు చాలామంది చెప్పుంటారు. నేను చెప్పను. శేషాచలం శేషాచలమే, అరకు అరకే. నువ్వు పెరిగింది సుమారు 900 మీటర్ల ఎత్తున. మీ దగ్గర వానలు తగ్గి, తెల్లవారితే మంచు దిగి, వాలు నేలలన్నీ పసుప్పచ్చగా మారే రోజులివి. సరిగ్గా అప్పుడే ఇక్కడ ఈశాన్య రుతుపవనాలొచ్చి ముసురు పడుతుంది. గదిలో ఆరని బట్టలు, ఉక్కపోత. ఒంటికి అలవాటైన కాలం ఒకటి, కళ్లెదుట ఉన్న కాలం ఇంకొకటి. ఏడుపు రాకపోతేనే ఆశ్చర్యం.

నీ ఉత్తరం చదివాక క్యాలెండర్ చూశాను. దసరాకు నువ్వు ఊరెళ్లేసరికి వలిసె ఇంకా పచ్చగా, మహా అయితే మొగ్గమీద ఉంటుంది. సంక్రాంతికి వెళ్లేసరికి కోతలైపోయి మోళ్లు మిగులుతాయి. పూత అక్టోబరు చివర మొదలై నవంబరంతా ఉంటుంది, అప్పుడు నీకు సెలవుల్లేవు. అంటే కాలేజీలో చేరాక నువ్వు ఇంటికైతే వెళ్తున్నావు గానీ పూత మాత్రం చూడలేదు. నవ్వే పిల్లల సంగతి వేరు. వాళ్లది ఏ పలమనేరో పుంగనూరో అయ్యుంటుంది. శనివారం బస్సెక్కి, ఆదివారం రాత్రికి ఉడకబెట్టిన శెనక్కాయల సంచితో హాస్టల్లో దిగుతారు. వాళ్లకు బెంగ ముదిరేంత వ్యవధి ఎక్కడిది? నీకేమో విశాఖ చేరడానికే ఒక రాత్రి రైలు ప్రయాణం, ఆపైన ఘాట్ రోడ్డు.

అందుకే నవంబరులో ఒకసారి ఊరెళ్లిరా. సాధారణంగా 75 శాతం హాజరు చూస్తారు. శని, ఆదివారాలకు అటూ ఇటూ రెండ్రోజులు కలిపితే మునిగిపోయేదేం లేదు. నిన్ను ముంచేది రోజూ ఎగ్గొట్టే మధ్యాహ్నం క్లాసులే. ముందు ఆఫీసులో నీ హాజరు ఎంతుందో కనుక్కో. ప్రాక్టికల్స్ లేని రోజులు చూసుకుని, వార్డెన్‌కు కారణం ఉన్నదున్నట్టే చెప్పు. కడుపునొప్పి కథలొద్దు.

టీసీ మాట ఈ నెలలో ఎత్తకు. రెండో ఏడాది మధ్యలో వేరే యూనివర్సిటీ కాలేజీకి మారాలంటే రెండుచోట్లా అనుమతులు కావాలి, చదివిన పేపర్లు అక్కడి సిలబస్‌తో సరిపోవాలి. ఏడాది పోయినా పోవచ్చు. సెమిస్టర్ పరీక్షలయ్యాక కూడా అదే అనిపిస్తే అప్పుడు రాయి, మాట్లాడదాం.

ఇంకొకటి. పూల గురించి అంత రాసి, అమ్మ గురించి ఒక్క వాక్యం రాశావు. నాకు ఆ వాక్యమే బరువుగా తోచింది. తాను ఒక్కతే కష్టపడుతుంటే నువ్విక్కడ ఫ్యాన్ కింద కూర్చున్నావన్న బాధ ఇందులో ఎంతుందో నీకే తెలియాలి. ఉంటే అమ్మతోనే చెప్పు. వెళ్లినప్పుడు రెండు పూటలు తోటలోకి వెళ్లి బుట్ట పట్టు. ఫొటోలకంటే అది నీకు ఎక్కువ ఊరటనిస్తుంది.

ఈలోగా వీడియోలు పగలు చూడకు. సాయంత్రం ఫోన్ చేసి చెల్లితో మాట్లాడు. మంచి వాన పడ్డ మర్నాడు కపిలతీర్థం జలపాతం చూసిరా. ఆ నవ్వే అమ్మాయిల్నీ వెంటబెట్టుకెళ్లు.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోతే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆలస్యం చెయ్యకు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416కు రాత్రయినా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులూ ఉన్నారు.

ఈ రాత్రికే అమ్మను అడుగు, ఈసారి వలిసె పూత ఎప్పుడు నిండుగా ఉంటుందో. ఆ రోజులకు టికెట్ చూసుకో. కార్తీకంలో తిరుపతి రైళ్లన్నీ భక్తులతో నిండిపోతాయి, తత్కాల్‌ను నమ్ముకోవద్దు.